కొండ మీద కొల్లేటి ముడి

నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. నేను తాళ్ళమ్ముకునేవాణ్ణి, కథలమ్ముకునేవాణ్ణి కాదు. ఏలూరు బజారులో ఎవరినైనా అడగండి. ఇదిగో, నా చీలమండ మీద ఈ మచ్చ... ఆ రాత్రిదే.

తాడేపల్లిగూడెంలో డ్రిల్లు మాస్టారు సుబ్బారావు గారని నా స్నేహితులు. దొరల కేటలాగుల్లో కొండలెక్కే సామాన్ల బొమ్మలు చూసి చూసి ఆయనకు కొండల పిచ్చి పట్టుకుంది. కిందటేడు వేసవి సెలవుల్లో ఏజెన్సీ కొండలెక్కుదామన్నారు. ఆ సామాన్లు కొనే తాహతు లేక నా దుకాణం మీద పడ్డారు. గుడారానికి పాత తెరచాప. వీపుసంచులకు కాన్వాసు. గుడారం కట్టడానికి వెదురు రాటలు. తాడు మాత్రం కొల్లేటికోట వీరాస్వామి పేనింది. చేపలు పట్టే మనిషి. తాడు పేనడంలో అతనికి అతనే సాటి. అతనూ మాతో వచ్చాడు.

బయల్దేరేటప్పుడు మాస్టారి భార్య నన్ను పక్కకు పిలిచింది.

"అన్నయ్యగారూ, ఆయనకి నిద్దట్లో నడిచే అలవాటుందండీ. ఇంట్లో అయితే తలుపుకి గొళ్ళెం పెడతాను. కొండ మీద గొళ్ళెం ఎక్కడుంటుందండీ? ఆయన్ని మీ చేతుల్లో పెడుతున్నాను."

"క్షేమంగా తెచ్చి అప్పజెపుతానమ్మా" అన్నాను. మాటివ్వడానికేం, నోరుంటే చాలు.

బస్సు దిగి, ఎద్దుబండి దిగి, రెండు పూటలు నడిచి, పొద్దు గూకేవేళకు కొండ మీద ఒక పెద్ద బండ చేరాం. చల్లటి గాలి. హాయిగా ఉంది. బండకు ఒక పక్కన మాత్రం నేల లేదు. అటు లోయ.

గుడారం వేద్దామని వీరాస్వామి రాట తీసి బండ మీద ఒక్క పోటు పొడిచాడు. టక్... వెదురు చీలింది. మళ్ళీ పొడిచాడు. మళ్ళీ టక్. కొల్లేటి బురదలో ఒక్క పోటుకు మూరెడు దిగే రాట రాతిలో ఎలా దిగుతుంది? ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇనుప మేకుల సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. నీళ్ళ పక్కన పుట్టినవాళ్ళ తెలివి అంతే! మాస్టారు పగలబడి నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. రాట లేకపోతే నిద్దట్లో నడిచే ఆయన్ని రాత్రికి దేనికి కట్టేయాలి?

"మీకే కడదామండీ శెట్టిగారూ" అన్నాడు వీరాస్వామి. "మీరు కదిలే రకం కాదు కదండీ!"

అలా నేనే రాటనయ్యాను. పది బారల తాడు. ఒక కొస మాస్టారి కాలికి, ఒక కొస నా కాలికి. రాత్రి వేటలో పడవలు ఇలాగే తాడుతో కలుపుకుంటారట. అరిస్తే చేపలు బెదురుతాయి కనుక తాడుతోనే మాట్లాడుకుంటారు.

"ఒక్కసారి లాగితే 'ఉన్నావా' అని అర్థమండి. అవతలోళ్ళూ ఒక్కసారి లాగితే 'ఉన్నాను' అని. రెండుసార్లు లాగితే 'నీ దగ్గరికొస్తున్నాను, తాడు చేదుకో' అని అర్థమండి" అని చెప్పాడు. "ముడి మాత్రం బిగువు మీద విప్పలేరు. తాడు వదులైతే చిటికెన వేలికే వచ్చేస్తాది."

అతను పైన దారి దగ్గర మంట పక్కన పడుకున్నాడు. మేమిద్దరం బండ మీద.

ఎప్పుడో మెలకువ వచ్చింది. మంట ఆరిపోయింది. చీకటి... కీచురాళ్ళు కూడా లేవు. కాలికి చిన్న లాగు. ఒక్కటి.

మాస్టారి చిలిపితనం అనుకున్నాను. నేనూ ఒకసారి లాగాను. కాసేపాగి మళ్ళీ లాగు. మళ్ళీ బదులిచ్చాను. నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. ఎవరో కుశలం అడుగుతున్నట్టుంది.

అప్పుడు... నా కుడి పక్కన గురక వినిపించింది.

చెయ్యి చాచాను. మీసాలు తగిలాయి. మెడలో డ్రిల్లు విజిల్ తగిలింది. మాస్టారే. వెచ్చగా ఉన్నారు. మెల్లగా ఆయన కాలు తడిమాను. తాడు లేదు.

నా తాడు ఎడం పక్కకు ఉంది. బిగుసుకుని ఉంది. చేత్తో తడుముకుంటూ వెళితే... బండ అంచు దాటి కిందికి దిగింది.

లాగు. ఒక్కటి.

నేను కదల్లేదు.

లాగు... లాగు. రెండు.

వీరాస్వామి ఎక్కడో పైన దారి దగ్గర ఉన్నాడు. ముడి విప్పబోయాను. రాయిలా ఉంది. వదులు కావాలంటే తాడు పైకి చేదాలి. అదీ చేదమనే అడుగుతోంది! వేరే దారి లేదు. రెండు చేతులా పట్టి చేదాను. ఒక బార. బరువుగా, ఒక మనిషంత బరువుగా వచ్చింది. ముడి చిటికెన వేలికి వచ్చేసింది. తాడు ఇంకా నా చేతుల్లోనే ఉంది.

మళ్ళీ ఒక్క లాగు. చాలా నెమ్మదిగా. ఉన్నావా?

వదిలేశాను.

తాడు బండ మీద జరజరా పాకిన చప్పుడు. అంతే. ఏదీ కింద పడిన చప్పుడు రాలేదు. తెల్లారేదాకా మాస్టారి చొక్కా పట్టుకుని కూర్చున్నాను.

పొద్దున్నే వీరాస్వామి దిగి వెతికితే తాడు కింద కొమ్మకు వేలాడుతోందట. మాస్టారి కాలికి కట్టిన ఉచ్చు కట్టినట్టే ఉంది. పాదం జారి వచ్చేంత ఖాళీ లేదందులో. వీరాస్వామి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

మాస్టారు లేచి ఒళ్ళు విరుచుకున్నారు.

"పాడు కల శెట్టిగారూ! లోయలో వేలాడుతూ తాడు లాగుతున్నాను. మీరు పలుకుతూనే ఉన్నారు. పైకి చేదారు కూడానూ. చివరికి ఎందుకండీ వదిలేశారు?"

నవ్వుతూనే అన్నారు. ఆయన అరచేతులు రెండూ తోలు లేచిపోయి ఉన్నాయి.

మాట ప్రకారం ఇంటికి తెచ్చి అప్పజెప్పాను. మొన్న ఆవిడ దుకాణానికి వచ్చి దణ్ణం పెట్టింది.

"మీ పుణ్యమా అని ఆయన నిద్దట్లో నడవడం మానేశారండీ అన్నయ్యగారూ. రాత్రి పడుకున్నవారు పడుకున్నట్టే ఉంటారు. అసలు కదలరు."

ఏమని చెప్పను? నేను తెచ్చింది ఆయన్నే. విజిల్ తడిమి మరీ చూశాను కదా...

మరి వదిలేసింది ఎవర్ని?