చిలక తిన్నాకే అవ్వ

చిలకను పెంచుకుంటామని ఎవరైనా అంటే నేను పంజరం ఎంత పెద్దదని అడగను. మాటలు నేర్పుతారా అనీ అడగను. పెట్టిన తిండి అది తిన్నదో లేదో చూసే మనిషి ఇంట్లో ఎవరని అడుగుతాను. ఇదేం ప్రశ్న అని నవ్వేవాళ్లున్నారు. ఒకప్పుడు మా ఇంట్లో ఆ మనిషిని నేనే. అందుకని నాకు నవ్వు రాదు.

తొంభైల నాటి సంగతి. తిరుపతిలో మేముండే వీధిలో సగం ఇళ్లు గుడి కొలువులవాళ్లవే. మా తాత ఒక చిన్న పెరుమాళ్ గుడిలో వంటశాల చూసేవాడు. నాయన ఫైళ్లు మోసే ఉద్యోగంలోకి వెళ్లినా ఇంట్లో పద్ధతులన్నీ తాతవే. పొద్దున అవ్వ మడి కట్టుకుని పొంగలో పులిహోరో వండి పెరుమాళ్లకు నివేదన చేసేది. ఆ తర్వాత ఎవరో ఒక భక్తుడికి పెట్టి, ఆయన తిన్నాకే అవ్వ తినాలని తాత పెట్టిన నియమం. తాత ఉన్నన్నాళ్లూ మా వసారాలో ఎవరో ఒకరు ఆకు ముందు కూర్చునే ఉండేవారు. ఆయన పోయాక వచ్చేవాళ్లు తగ్గిపోయారు. అవ్వ గడపలో నిలబడి వీధిలోకి చూస్తూ మధ్యాహ్నం దాకా పస్తుండేది. షుగరు మనిషి. అమ్మకు గుండెలు జారేవి, నాకు ఒళ్లు మండేది. భక్తులు కరువైతే మేం కామా అని ఒకసారి అడిగాను. నిన్ను చూసి ఎవరైనా భక్తురాలనుకుంటారా అంది. అదీ నిజమే.

అలాంటి రోజుల్లో చిలక వచ్చింది. వడమాలపేట దగ్గర నాయనకు తెలిసిన రైతు ఒకాయన ఎండిపోయిన కొబ్బరిచెట్టు కొట్టిస్తే తొర్రలో దొరికిందట. ఈకలు కూడా సరిగ్గా రాని పిల్ల. పాత పంచె ముక్కలో చుట్టి బుట్టలో పెట్టి తెచ్చాడు నాయన. అవ్వ దాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆండాళ్ తల్లి చేతిలో ఉండేది ఇదే కదా, ఇంతకన్నా భక్తుడెవరు అంది. ఆ రోజు నుంచి నివేదన అయ్యాక మొదటి ముద్ద చిలకది. అది తిన్నాకే అవ్వది. ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. అవ్వ తొమ్మిదింటికల్లా తినడం మొదలుపెట్టింది మరి.

ఆ చిలక మాకిచ్చిన సంతోషాన్ని కూడా చెప్పాలి, లేకపోతే దానికి అన్యాయం చేసినట్టవుతుంది. ఏడాది తిరిగేసరికి గోవింద అనడం నేర్చుకుంది. నాయన సైకిలు సందు మలుపులో ఉండగానే కనిపెట్టి ఈల వేసేది. నేను చదువుకుంటుంటే భుజం మీదికెక్కి జడ రిబ్బను విప్పేది, తిడితే మెడ పక్కకు వంచి వినేది. తాత పోయాక ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని అవ్వ దానితో పూటంతా మాట్లాడేది. అది ముక్కుతో ఆమె చెవి కమ్మను మెల్లగా లాగేది. ఆ కాసేపు అవ్వ ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉండేది. ఆ ముఖం కోసం ఆ చిలకకు ఏమైనా పెట్టొచ్చనిపించేది.

పెట్టాం కూడా. నెయ్యి కారే మిరియాల పొంగలి, జీడిపప్పు, ఉప్పూ పులుపూ నూనే ఉన్న పులిహోర. భక్తుడికి వడ్డించేటప్పుడు నెయ్యి తగ్గిస్తామా? చిలక బలిసింది. పొట్ట దగ్గర గుండ్రంగా తేలింది. వచ్చినవాళ్లు, ప్రసాదం ఒంటికి పట్టిందండీ అనేవాళ్లు. మేం మురిసిపోయాం. నాలుగో ఏట దాని ముక్కు పొడుగ్గా పెరిగి పొరలు పొరలుగా లేవసాగింది. పచ్చటి రెక్కల్లో అక్కడక్కడా నల్లటి ఈకలు వచ్చాయి. ఎగరడం మానేసి పట్టపగలే కునికేది. జపం చేసుకుంటోందని అవ్వ అంది. నేను కూడా నమ్మాను. చెప్పాల్సినవన్నీ అది ఒంటి మీద రాసి చూపించింది, చదివేవాళ్లే లేకపోయారు.

నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా అవ్వ కంటికి ఆపరేషన్ చేశారు. అప్పట్లో శుక్లం తీస్తే రోజుల తరబడి కంటికి పచ్చగుడ్డ, వంగకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. రెండో కంట్లో అప్పటికే మబ్బు. అవ్వను నడిమింట్లో మంచం మీద పడుకోబెట్టాం. చిలక పంజరం పెరటి వైపు వసారాలో ఉండేది, మంచం మీద నుంచి కనబడదు. వంట అమ్మ వంతు, చిలక నా వంతు అయ్యాయి. ఆపరేషనైనా, ఇంకేమైనా నియమం మాత్రం నియమమే. పంజరంలో ముద్ద పెట్టి వచ్చి, తిన్నదని నేను చెప్పాలి. అప్పుడు అవ్వ తింటుంది.

కొద్దిరోజులు సజావుగానే సాగింది. ఒకరోజు పొద్దున చిలక ముద్ద వైపు చూడలేదు. కొమ్మకర్ర మీద ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. ముద్ద ముక్కు దగ్గర పెడితే ముఖం తిప్పుకుంది. తినలేదవ్వా అని వచ్చి చెప్పాను, నిజమే చెప్పాను. అయితే కాసేపు చూద్దాంలే అంది. అప్పటికే షుగరు మాత్ర వేసుకుని ఉంది. పది దాటింది, పదకొండు దాటింది. అమ్మ బతిమాలింది. మీ మామ నియమం ఇన్నేళ్లు నిలబెట్టినాను, ఇప్పుడు కళ్లు పోయినాయని వదిలిపెట్టేదా అంది అవ్వ. పన్నెండు గంటలకు ఆమె మాట తడబడింది. ఒళ్లంతా చెమట. చేతులు చల్లబడిపోయాయి. అమ్మ నోట్లో చక్కెర నీళ్లు పోస్తూ ఏడ్చింది. నేను డాక్టరు కోసం వీధిలో పరిగెత్తాను. ఆయన వచ్చి సూది వేసి, మాత్ర వేసుకుని తిండి మానేస్తే ఇంకోసారి మనిషి దక్కదని వాకిట్లో నాయనతో గట్టిగా చెప్పాడు.

మర్నాడు కూడా చిలక తినలేదు. నేను పంజరం ముందు నిలబడి ఉన్నాను. లోపల్నుంచి అవ్వ పిలిచింది.

"తినిందా అమ్మీ?"

"తినిందవ్వా."

నాకెవరూ నేర్పలేదు. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. అవ్వ లేచి కూర్చుని పొంగలి తిన్నది, ఇంకొంచెం పెట్టించుకుంది కూడా. చిలక ముద్దను నేను తీసుకెళ్లి పెరటి గోడ మీద పెట్టాను. ఒక కాకి వచ్చి తినిపోయింది. గిన్నె కడిగి పంజరంలో పెట్టేశాను.

మూడో రోజుకు రెండు కాకులు. నాలుగో రోజు నేను వసారాలోకి అడుగు పెట్టకముందే గోడ మీద వరసగా కూర్చున్నాయి. వాటి లెక్క వాటికి తెలుసు. ముద్ద ఆలస్యమైతే పంజరం కేసి చూసి అరిచేవి. చిలక ఆ అరుపులకు కళ్లు తెరిచి, మళ్లీ మూసుకునేది. సాయంత్రం జామపండు చూపిస్తే ఒకటి రెండు గాట్లు పెట్టి వదిలేసేది. అదే పెద్ద తిండి అనుకుని నాకు నేను నచ్చజెప్పుకునేదాన్ని. రేపు తింటుంది, రేపు తింటే నా మాట నిజమైపోతుంది అనుకునేదాన్ని. గోవింద అనడం ఎప్పుడు మానేసిందో కూడా గుర్తించలేదు.

"ఏందే ఈ కాకులు, పొద్దున్నే ఇట్లా అరస్తా ఉండాయి?" అని అవ్వ మంచం మీద నుంచి అడిగింది. చుట్టాలొస్తారేమో అన్నాను. ఆమె నవ్వలేదు. పెరుమాళ్లకు దండం పెట్టుకుంది. ఆ దండం నాకు వీపు మీద చురకలా తగిలింది.

అమ్మకు చెప్పొచ్చు, నాయనకు చెప్పొచ్చు. చెప్తే చిలకను ఆస్పత్రికి తీసుకుపోతారు, అవ్వకు తెలిసిపోతుంది, తెలిస్తే మళ్లీ పస్తుంటుంది. ఇద్దరిలో ఒకరినే కాపాడగలననీ, అవ్వనే కాపాడుతున్నాననీ అనుకున్నాను. పదిహేడేళ్ల పిల్లకు తన తెలివి మీద ఉండే నమ్మకం అంతా ఇంతా కాదు.

నేను అబద్ధం మొదలుపెట్టిన ఆరో రోజున అవ్వ కంటి గుడ్డ తీశారు. ఇంటికి రాగానే నల్లద్దాలు పెట్టుకుని గోడ పట్టుకుంటూ వసారాలోకి వెళ్లింది. పంజరం మీదికి ముఖం వంచి చాలాసేపు నిలబడింది. ఇదెందుకిట్లా ముడుచుకొని ఉండాది, తినే చిలక ఇట్లా ఉంటుందా అంది. ఆటో పిలవమంది. నాయన ఆఫీసులో ఉన్నాడు. పంజరం ఒళ్లో పెట్టుకుని నేను, నా భుజం పట్టుకుని అవ్వ, పశువుల ఆస్పత్రికి వెళ్లాం.

అక్కడ ఆవులూ కుక్కలే గానీ చిలకతో వచ్చినవాళ్లం మేమొక్కరమే. డాక్టరు వయసు మళ్లిన మనిషి, నిదానస్తుడు. ముందు, ఈ చిలకల్ని ఇంట్లో పెట్టుకోకూడదని చట్టం ఉందని తెలుసా అన్నాడు. మాకు తెలియదు. సరేలెమ్మని దాన్ని గుడ్డలో పట్టుకుని పొట్ట నొక్కి, ముక్కు చూసి, ఏం పెడతారని అడిగాడు. అవ్వ గర్వంగా అన్నీ చెప్పింది. ఆయన ముఖం మాడింది. పక్షికి నెయ్యీ ఉప్పూ విషంతో సమానమమ్మా, కాలేయం చెడి ఉంటుంది, కొర్రలూ పండ్లూ పెట్టాలి అన్నాడు.

"తింటా ఉండాదా?" అని అడిగాడు.

"తింటా ఉండాది డాక్టరయ్యా. ఈ పొద్దు గూడా తినింది. మా పాపే పెట్టింది," అంది అవ్వ.

ఆయన నా వైపు చూశాడు. నల్లద్దాల వెనక నుంచి అవ్వ కూడా నా వైపు తిరిగింది. ఆరు పూటల అన్నం ఆమె గొంతులోకి తిరిగొచ్చే మాట నా నాలుక మీదే ఉంది.

"తింటా ఉండాది సార్," అన్నాను.

అయితే ఫరవాలేదు అన్నాడాయన. చుక్కల మందు రాసిచ్చి వారం తర్వాత తీసుకురమ్మన్నాడు. మేం గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచి, తినడం మానేస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు, వెంటనే తీసుకొస్తే గొట్టంతో పట్టించి బతికించుకోవచ్చు అన్నాడు. అప్పుడైనా వెనక్కి తిరిగి ఉండొచ్చు. రెండడుగుల దూరం. తిరగలేదు. రేపు కాలేజీలో ప్రాక్టికల్స్ అయిపోగానే నేనొక్కదాన్నే తీసుకొస్తాను, అవ్వకు తెలియకుండా చెప్తాను అనుకున్నాను.

మర్నాడు పొద్దున కొర్రలూ జామ ముక్కా పెట్టాను. చిలక కర్ర మీద లేదు, పంజరం అడుగున కూర్చుని ఉంది. అవ్వ అడిగింది. తినిందన్నాను. అవ్వ తిన్నది. నేను కాలేజీకి పరిగెత్తాను.

పదకొండున్నరకు తిరిగొచ్చేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. చేత్తో లోపలికి చూపించింది. అవ్వ వసారాలో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పంజరం తలుపు తీసి ఉంది. చిలక తెల్లగుడ్డ మీద ఉంది. అవ్వ ఒళ్లో నేను పెట్టిన జామ ముక్క. దాని మీద ఒక్క గాటు కూడా లేదు.

"ఈ పొద్దు తినిందా?" అంది.

"లేదవ్వా."

"నిన్న?"

"లేదు."

"మొన్న?"

ఆమె గొంతు పెరగలేదు. ఒక్కొక్క రోజే వెనక్కి వెళ్తూ అడిగింది. నేను ఒక్కొక్క రోజుకీ లేదన్నాను. కంటి గుడ్డ కట్టి ఉన్న ఆ మొదటి రోజు దాకా వచ్చి ఆగింది. నువ్వు తినవని, నువ్వు చచ్చిపోతావని భయపడి అలా చెప్పానని ఏడుస్తూ అన్నాను. ఆమె విన్నది. ఆ మాట అర్థం చేసుకుంది కూడా. నా తల మీద చెయ్యి పెట్టింది.

"నన్ను బతికించినావు, సరే. కానీ అది తింటా ఉండాదని డాక్టరుతో నా నోటితో చెప్పించినావు గదమ్మీ," అంది.

తర్వాత లేచి బావి దగ్గరికి వెళ్లి తలస్నానం చేసింది. నాయన వచ్చి పెరట్లో గొయ్యి తీశాడు.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఇక ఎవరి కోసమూ ఆగలేదు. గంట కొట్టినట్టు వేళకు కూర్చుని, మందు మింగినట్టు తినేది. నన్ను ఎప్పుడూ తిట్టలేదు, ఎవరితోనూ ఈ మాట చెప్పలేదు, నా పెళ్లికి తన కమ్మలు నాకే పెట్టింది. ఒక్కటే మారింది. నేనేదైనా చెప్తే తలూపేది, కాసేపాగి వంటింట్లోకి వెళ్లి అదే సంగతి అమ్మను అడిగేది. పాలు పొంగాయా, నాయన వచ్చాడా, వాన పడుతోందా. మెల్లగా, నాకు వినబడకుండా అడుగుతున్నాననుకుని అడిగేది. నాకు ప్రతిసారీ వినబడేది. అప్పటికి నేను అబద్ధాలు పూర్తిగా మానేశాను. ఆ సంగతి ఆమెకు చెప్పినా, అది కూడా అమ్మనే అడిగి ఉండేది.