యెషయన్న గెలిచిన దావా

నంద్యాల కోర్టు ఆవరణలో రేకుల షెడ్డు కింద అర్జీలు టైపు చేసుకుని బతుకుతున్నదాన్ని నేను. పేరు భానుప్రియ. నా నోరు మంచిది కాదని వకీళ్లు అంటారు. అననీ, పని మాత్రం నా దగ్గరికే తెస్తారు.

యెషయన్న ఆ కోర్టులో అటెండరు. తెల్ల బట్టలు, భుజం మీదుగా ఎర్ర పట్టీ, దానికి ఇత్తడి బిళ్ళ. జడ్జిగారు వస్తుంటే ముందు నడిచి అందర్నీ లేపి నిలబెట్టేది ఆయనే. వరండాలో నిలబడి కక్షిదారుల పేర్లు పిలిస్తే, గేటు బయట టీ తాగుతున్నవాడు కూడా గ్లాసు వదిలేసి పరిగెత్తాల్సిందే. గొంతు అంతటిది గానీ మనిషి మెత్తన. ఇంట్లో ఎలిజబెత్ వదిన గట్టిగా దగ్గినా ఉలిక్కిపడే రకం.

ఆయనకు రాజ్యాంగమంటే పిచ్చి. బైబిలు తర్వాత అదే. మధ్యాహ్నం నా షెడ్డులో సద్దిగిన్నె విప్పుకుని పాఠం మొదలుపెట్టేవాడు.

"చూడమ్మా, చట్టం చేసేటోళ్లు ఒకరు. దాన్ని నడిపేటోళ్లు ఇంకొకరు. తప్పా ఒప్పా అని చెప్పేది మా సార్లు. అంతా ఒకని చేతిలో పెడితే వాడు మన నెత్తినెక్కి కూర్చుంటాడని, మూడు చేతుల్లో పెట్టినారు. ఒకని మీద ఒకడు కన్నేసి ఉంటాడు."

"ముగ్గురికీ పంచినారు సరే. మనకేం మిగిల్చినారన్నా?" అనేదాన్ని.

"న్యాయం," అనేవాడు, సంగటి ముద్ద తుంచుకుంటూ. నాకు ఒళ్లు మండేది. అంత నమ్మకం చూస్తే ఎవరికైనా మండుతుంది.

ఆయన సొంతూరు ఆళ్లగడ్డ దాటాక లోపలికి ఉంటుంది. అక్కడి క్రైస్తవుల సమాధుల దొడ్డి పొలాల మధ్యలో ఉంది. ఆయన తండ్రి దేవదానాన్ని పెట్టింది అక్కడే. ఆ పక్కనే తన చోటుకు గుర్తుగా తల్లి హన్నమ్మ బతికుండగానే నాలుగు రాళ్లు పాతించుకుంది. దొడ్డికి పోయే బండిదారి వెంకటేశ్వర్లు అనే రైతు చేను పక్కగా పోతుంది. తాతల నాటి నుంచి యెషయన్న వాళ్ల క్రైస్తవ పేటలో చనిపోయినవాళ్లందరూ ఆ దారినే పోయారు. ఆ వెంకటేశ్వర్లు కొత్తగా బోరు వేసి, చుట్టూ కంచె కట్టి, దారికి అడ్డంగా ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. అప్పట్నుంచి పేటవాళ్లు శవాలను వాగు ఒడ్డున పూడ్చుకుంటున్నారు. గట్టి వాన పడితే ఆ సమాధులు నిలిచేవి కావు.

తాళం పగలగొడతామని పేటలో కుర్రాళ్లు లేచారు. యెషయన్నే అడ్డం పడ్డాడు. "కోర్టులో పనిజేసేటోన్ని, నా మాట వినండప్పా. మనం పగలగొడితే మనమే నేరస్తులమైతాం. దావా వేద్దాం," అన్నాడు. పేట మొత్తం తరఫున ఆయనే వాది. అర్జీ టైపు చేసింది నేను. ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగి చివరికి గెలిచాడు. ఆ దారి పేటవాళ్ల హక్కు అనీ, ప్రతివాది అడ్డు తొలగించాలనీ తీర్పు వచ్చింది. ఆ రోజు మా షెడ్డు దాకా వచ్చి మైసూర్‌పాకు పంచాడు. తల్లికి ఫోను చేసి, "అమ్మా, నీ దారి తెరిచినారు," అన్నాడు. తెరిచిందెవరు? తాళం అట్లాగే ఉంది. వెంకటేశ్వర్లు అప్పీలుకు కూడా పోలేదు. తాళంచెవి జేబులో ఉన్నవాడికి అప్పీలెందుకు?

ఇక తిరగడం మొదలైంది. అమలు పిటిషను వేస్తే కోర్టు గేటు తీయించమంది. తీయించడానికి పోయే మనిషికి పోలీసు బందోబస్తు కావాలి. పోలీసులు పైనుంచి రాసి పంపాలన్నారు. పైన అడిగితే ముందు సర్వే హద్దులు తేలాలన్నారు. సర్వేయరును ఇంకేదో పని మీద వేశారు. శాసనసభలో కూర్చునే ఒక పెద్దమనిషిని కలిస్తే, ఆయన కుర్చీ వేయించి, టీ ఇప్పించి, "కోర్టు విషయంలో నేను వేలు పెడితే తప్పయితాది యెషయా. ఎవరి అధికారం వాళ్లది. నీకు తెలీనిదేముంది," అన్నాడు. అది అబద్ధం కాదు. నిజం చెప్పాలంటే ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఒక్కరూ లంచం అడగలేదు. అడిగినా బాగుండేది, ఇచ్చి పడేసేవాళ్లం.

ఒకరోజు ఉండబట్టలేక, "నీ జడ్జిగారికైనా చెప్పుకోరాదా అన్నా?" అన్నాను.

"ఆ దావా వేరే కోర్టుది తల్లీ. మా సారు చెవిలో వేస్తే తప్పు," అన్నాడు. "అయినా తీర్పు రాసేటాయన గునపం పట్టుకొని వస్తాడా?"

పోయిన ఎండాకాలం హన్నమ్మ చనిపోయింది. కబురు తెలిసి నేనూ పోయాను.

పెట్టెను ట్రాక్టరు మీద పెట్టుకుని, కీర్తనలు పాడుకుంటూ నేరుగా ఆ గేటు దగ్గరికే తీసుకుపోయారు. యెషయన్న తీర్పు నకలు చేతిలో పట్టుకున్నాడు. తగాదా అవుతుందని ఎవరు చెప్పారో, పోలీసులు ముందే వచ్చి ఉన్నారు. యెషయన్న తమ్ముడి కొడుకు ఫిలిప్ గునపం తీస్తే ఎస్సై ఆపాడు.

"అన్నా, తీర్పు నేను కాదనడంల్యా. తెరిపించమని నాకు ఆర్డరు రాలేదు. తాళం పగిలితే మాత్రం కేసు రాయాల్సిందే," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

అప్పుడు వెంకటేశ్వర్లు వచ్చాడు. పెట్టెను చూసి చెప్పులు విడిచాడు.

"హన్నమ్మ మా చేలో పనిజేసిన మనిషి. నాకు మాత్రం బాధ లేదా? గేటు తీస్తా. ఈ కాగితం మీద సంతకం పెట్టు యెషయా. నా అనుమతితో పోతాండారని, హక్కుతో కాదని. అంతే."

అంతేనట. అడిగి పోయేవాడికి హక్కు ఉండదని, ఆ మాట కోర్టులో విని విని యెషయన్నకు నోటికి వచ్చు. దావా వేసిన వాది ఆయనే. ఆయనే అట్లా రాసిస్తే పేట గెలిచిన తీర్పుకు ఇక విలువ లేదు. నేను దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను.

"పెట్టొద్దన్నా."

"మరి మాయమ్మను యాడ పెట్టేది? వాగులోనా?" అన్నాడు.

నేను చెయ్యి వదిలేశాను. పెట్టెలో పెట్టిన ఐసు కరిగి, నీళ్లు ట్రాక్టరు మీద నుంచి మట్టిలోకి కారుతున్నాయి. ఎలిజబెత్ వదిన ఆ నీళ్లను చూడలేక కొంగు నోట్లో కుక్కుకుంది. యెషయన్న తీర్పు నకలును మడిచి జేబులో పెట్టుకుని, ట్రాక్టరు అంచు మీద కాగితం పరిచి సంతకం చేశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నాకు ఏడుపొచ్చింది.

హన్నమ్మను దేవదానం పక్కనే, ఆమె రాళ్ల మధ్యనే పెట్టారు. పాస్టరు సుందరరాజు ప్రార్థన చేశాక అందరూ పిడికెడు మట్టి వేశారు. చివర్లో ఏలీయా తాత వచ్చాడు. భార్యను వాగు ఒడ్డున పూడ్చి, మరుసటి వానకు ఆ చోటు కూడా కానరాక తిరిగిన మనిషి. మట్టి వేసి, చేతులు దులుపుకుని యెషయన్న ముందు నిలబడ్డాడు.

"మీయమ్మకు జాగా దొరికిందిలే నాయనా. రేపు నేను పోతే? మావోడు పోయి గేటు తీయమని ఆయప్పను అడగాల్నా?"

వరండాలో నిలబడి పిలిస్తే కోర్టు గేటు బయటికి వినబడే యెషయన్న గొంతు, పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు.

"అడగాల తాతా," అన్నాడు.