పన్నెండు తాళ్ల జడ

2005 ఫిబ్రవరి ఆరో తేదీ, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. మొయినాబాదులో మా ఆడబిడ్డ ఇంటి ముందర తెల్ల కారు ఒకటి ఆగింది. గంట ఎందుకు గుర్తుందంటే, చేవెళ్ల నుంచి నేనెక్కిన బస్సు ఆ రోజు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. లేకపోతే ఆ కారూ నేనూ ఒకేసారి గుమ్మం దగ్గరికి చేరే వాళ్లం కాదు.

కారులోంచి అయిదుగురు ఆడవాళ్లు దిగారు. ఊరవతల కొత్తగా కట్టిన విల్లాల్లో ఉండేవాళ్లు. కోలాటం నేర్పమని అడగడానికి వచ్చారు.

మా ఆడబిడ్డను నేను వదినె అంటాను. మా ఆయనకు అక్క. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. శ్రీరామనవమికి గుడి ముందర జడకోలాటం ఆడించేది ఆమే. నేను చేవెళ్ల బాలికల బడిలో లెక్కలు చెప్పి, అంతకు ముందు సంవత్సరమే రిటైరయ్యాను.

జడకోలాటంలో ఎత్తయిన గుంజ కొసకు పన్నెండు రంగుల తాళ్లు కట్టి ఉంటాయి. ఎడమ చేతిలో తాడు, కుడి చేతిలో కోల. ఆరుగురు ఇటు నుంచి, ఆరుగురు అటు నుంచి తిరుగుతూ, ఎదురైన మనిషిని ఒకసారి లోపలి పక్క నుంచి, ఒకసారి బయటి పక్క నుంచి దాటుతారు. తిరిగిన కొద్దీ తాళ్లు గుంజ చుట్టూ జడలా అల్లుకుంటాయి. అది సగం ఆట. పాట మారగానే అందరూ ఒక్కసారి వెనక్కి మళ్లి, వచ్చిన దారినే అడుగులు వేసుకుంటూ పోతే జడ మొత్తం విడిపోవాలి. అల్లిన జడను విప్పకపోతే ఆట ఆడినట్టే కాదని వదినె లెక్క.

మూడేళ్లుగా ఆ ఆట సాగలేదు. తాళ్లు పన్నెండు, మనుషులు ఏడుగురు. చేలు ప్లాట్లయ్యాక ఊళ్లోని చిన్నవాళ్లు పొద్దున ఆరు గంటల కంపెనీ బస్సెక్కి, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఊడ్చే పనికి పోతున్నారు. వదినెకు మోకాళ్లు అరిగాయి. తన కళ్లముందు ఒక్కసారి పన్నెండు తాళ్లూ నిండాలి, జడ విప్పడం తన తర్వాత ఎవరికైనా రావాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. అందుకే ఆ అయిదుగురిని చూడగానే మొహం విప్పారింది, నోరు మాత్రం ఊరుకోలేదు.

"ఆట ఒచ్చునా బిడ్డా, ఉత్తగనే ఒచ్చిన్రా?"

ముందు నిలబడ్డ అమ్మాయిది కృష్ణా జిల్లా. తనూ భర్తా ఇద్దరూ సాఫ్ట్‌వేర్. "కూచిపూడి వచ్చండి. పన్నెండేళ్లు నేర్చుకున్నాను."

"ఏదీ, జర సూపియ్."

ఆ అమ్మాయి కొంగు బిగించి వాకిట్లోనే ఆడింది. కళ్లూ చేతులూ పాదాలూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నట్టు ఉన్నాయి. వదినె రెప్ప వేయకుండా చూసి, చివర్న అడిగింది.

"మంచిగున్నది. గని ఆడినంతసేపు ఆ గోడ దిక్కే ఎందుకు సూసినవ్?"

"గోడ కాదండీ. అక్కడ జనం కూర్చున్నారని అనుకోవాలి. వాళ్లకు వీపు చూపించకూడదని మా మాస్టారు దెబ్బలు కొట్టి మరీ నేర్పారు."

"మాకు సుట్టూర జనమే. ఎటు తిరిగినా ఎవలికో ఒగలికి ఈపు సూపెట్టుడే."

అందరం నవ్వాం. ఆ మాటను అక్కడే వదిలేశాం.

నవమి దాకా ప్రతి ఆదివారం సాధన జరిగింది. విల్లాల నుంచి వచ్చిన వాళ్లలో ఒకావిడ గుజరాతీ, దాండియా ఆడిన మనిషి. దాండియాలో కోలలు తగలగానే తర్వాతి జోడీ దగ్గరికి జరిగిపోవాలి. ఆ అలవాటుకొద్దీ ఆవిడ తాడు వదిలేసి ముందుకు పోయేది. "తాడు ఇడిసి ఏడికి పోతవమ్మా, నీ జోడు గదే," అని వదినె అరిచేది. పాత ఏడుగురిలో ఒకామె లంబాడీ తండా నుంచి వచ్చేది, జన్వాడలో ఒక ఫాంహౌసులో వంట చేసేది. "మా ఆటల పక్కదాని చెయ్యి ఇడిస్తె ఆట పోతది, ఈల్ల ఆటల తాడు ఇడిస్తె పోతది. గంతే ఫరక్," అని ఆమె తీర్పు చెప్పింది.

నవమికి ముందు ఆదివారం జడ అల్లుకుంది, విడిపోయింది కూడా. చూసేవాళ్లెవరూ లేరు, ఎక్కడా చిక్కు పడలేదు. వదినె అరుగు మీద కూలబడి చాయ్ అడిగింది. సంతోషంలో తాగడమే మరిచింది, అది చల్లారిపోయింది.

నవమి రోజు గుడి ముందర ఒక కొత్త సంగతి కనిపించింది. అంతకు ముందు జనం గుంజ చుట్టూ నేల మీదే కూర్చునేవారు. ఈసారి విల్లాల వాళ్లు వస్తున్నారని కమిటీ వాళ్లు ఒక పక్క షామియానా వేసి, దాని కింద కుర్చీలు వరుసగా వేశారు. నేను ఆ కుర్చీలు లెక్కపెట్టాను, నలభై. అంతకు మించి నాకేమీ తోచలేదు.

జడ చక్కగా అల్లుకుంది. పక్కన కూర్చుని తాళాలు వాయిస్తున్న వదినె వరుస మార్చి విప్పే పాట ఎత్తుకుంది. వెనక్కి మళ్లేటప్పుడు అందరూ గుంజ వైపు మొహం పెట్టి మళ్లాలి, అప్పుడే తాడు ఎదకు ముందర ఉంటుంది. పదకొండు మంది అలాగే మళ్లారు. కృష్ణా జిల్లా అమ్మాయి సరిగ్గా కుర్చీల ఎదుట ఉంది. ఆమె కుర్చీల వైపు మళ్లింది. ఆమె చేతిలోని ఆకుపచ్చ తాడు భుజం మీదుగా మెడకు చుట్టుకుంది. పక్కవాళ్లకు అది తెలియక అడుగులు వేస్తూనే పోయారు, వాళ్ల తాళ్లు దీన్ని బిగించాయి. ఆమె విడిపించుకోవాలని ఇంకొకరి తాడు కిందికి దూరింది. ముందు వరుసలోని ఆమె భర్త లేచి, పూలమ్మే ఆమె బుట్టలోంచి కత్తెర తీసుకుని పరుగెత్తుకెళ్లి తాడు కోసేశాడు.

నేనతన్ని తప్పు పట్టను. భార్య మెడకు తాడు బిగుస్తుంటే ఎవరైనా అదే చేస్తారు.

అమ్మాయికి ఏమీ కాలేదు. కుర్చీల వాళ్లు చప్పట్లు కొట్టారు. జడ చూడ ముచ్చటగా ఉంది మరి, అల్లడంతోనే ఆట అయిపోయిందనుకున్నారు. వదినె తాళాలు ఒళ్లో పెట్టుకుని ఆ చప్పట్లు ఆగేదాకా తల వంచుకుని కూర్చుంది.

మూడో రోజు సాయంత్రం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. అప్పటికి గుంజ మీది నుంచి తాళ్లను జడతో సహా దించి వసారా దూలానికి వేలాడదీశాం.

"నావల్లే పాడయిందండీ."

"నీ ఒక్కదానిది గాదు బిడ్డా. ఎటు తిరగాల్నో నేను చెప్పలే. చిన్నప్పటిసంది తిరుగుతున్న, గది చెప్పే ముచ్చటనుకోలే." వదినె కోసిన తాడు కొస పట్టి చూసి, "నీ మొగుడు మాత్రం ఉషారు. మంగలి పని నేర్చుకుంటె బాగుపడతడు," అంది.

ఏడుపు ఆపుకుంటున్న అమ్మాయి నవ్వేసింది. వదినె ఆమె భుజాలు పట్టుకుని దూలం వైపు తిప్పింది. "గిట్ల తిరుగు. జడ దిక్కు. నువ్వు సూడాల్సింది దాన్ని." రెండోసారి తిప్పింది. మూడోసారి అమ్మాయి తనే తిరిగింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఒక్కో తాడు పట్టుకుని దాని దారిలో నడిచి, పక్కన పెట్టి, ఇంకొకటి అందుకున్నారు. వదినె విప్పే పాట సన్నగా పాడింది. చీకటి పడేసరికి పదకొండు తాళ్లు విడివడ్డాయి. అమ్మాయి సంతోషపడబోతుంటే వదినె తల అడ్డంగా ఊపింది. "గిది జడ విప్పుడు గాదు బిడ్డా, ఊడదీసుడు. పన్నెండు మంది ఒక్కపారి మళ్లాలె."

అప్పటి నుంచి నాకొక ఆలోచన పోదు. ప్రతి ఆటా ఎటో ఒక వైపు చూస్తుంది. కూచిపూడి ఎదుట కూర్చున్న వాళ్లను చూస్తుంది. దాండియా జోడీ కళ్లలోకి చూస్తుంది. తండా ఆట పక్క మనిషిని, బతుకమ్మ మధ్యలోని పూలను. ఆడేవాళ్లకు ఆ చూపు ఒంట్లోకి ఇంకిపోతుంది కాబట్టి ఒకరికొకరు చెప్పుకోరు. అడుగులు ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎవరి కోసం ఆడుతున్నామన్నది మాత్రం అడుగు తప్పినప్పుడే బయటపడుతుంది.

ఆ అమ్మాయి తర్వాత కూడా వచ్చేది. గుంజ వైపు మళ్లడం ఆమెకు వచ్చేసింది. కానీ మరుసటి నవమికి, పాత ఏడుగురిలో కంపెనీ బస్సెక్కడం మొదలుపెట్టిన ఇద్దరికి సెలవు దొరకలేదు, ఆపై నవమికి గుడి ముందరి నేల లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. ఆ ఎండాకాలమే అమ్మాయి భర్తకు బెంగళూరు బదిలీ అయింది. వెళ్లేముందు ఆ అమ్మాయి వదినె కాళ్లకు మొక్కింది. "పదకొండు మందిని నువ్వు ఎతుక్కో," అంది వదినె.

2007 వానాకాలంలో వదినె పోయింది. తాళ్లు చేవెళ్లలో నా దగ్గర ఉన్నాయి.

పోయినవి ఇవి. తాడు ఒకటి, ఆకుపచ్చది. కోలలు రెండు. గుంజ, అది పాతిన నేల. విప్పే పాటలో చివరి చరణం, అది నాకు రాదు. ఆటలో రెండో సగం. మా వదినె, డెబ్బై ఏళ్లు.