రఫ్ పుస్తకమే అడిగే మా ఆడపడుచు

మా ఆడపడుచు పోయిన సంగతి నాకు ఇంటివాళ్లకన్నా ముందు పంతుళ్లు చెప్పారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి ఆమె పోగేసిన టీచర్లు, లెక్చరర్ల గుంపది. ఏ కబురైనా అందరికీ ఒకేసారి మెసేజ్ వెళ్లాలన్నది ఆమె పెట్టిన పద్ధతే. ఆమె చావూ అలాగే తెలిసింది.

ఆమె సూర్యాపేటలో కెమిస్ట్రీ చెప్పేది. సెలవుల్లో మేమంతా ఊరూరి బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో చూసేవాళ్లం. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో కూడేవాళ్లం. ఫేర్ చేసిన కాగితం తెస్తే ఆమె ముట్టదు. కొట్టివేతలతో, చాయ్ మరకలతో ఉన్న రఫ్ పుస్తకమే కావాలి. దాన్ని జిరాక్స్ తీయించి అడిగినవాళ్లందరికీ ఇచ్చేది.

"సూసినోళ్లు తప్పు పట్టాలె వదినా. లేకుంటే మనం రాసుడెందుకు?" అనేది.

నేను ముప్పయ్యేళ్లు హైస్కూల్లో సైన్స్ చెప్పి, రికార్డులో కొట్టివేత కనిపిస్తే మార్కులు కోసిన దాన్ని. నాకిది మింగుడుపడలేదు.

పదేళ్ల కింద నిడమనూరు దగ్గర ఓ బడి బోరింగు నా వంతుకొచ్చింది. మూడుసార్లు పరీక్ష చేశాను. రెండుసార్లు మంచినీళ్లేనని తేలింది. ఒకసారి ఫ్లోరైడ్ బాగా ఎక్కువ చూపింది. పరీక్ష మందు చుక్కలు వేయడంలో నా చెయ్యే తప్పిందనుకుని ఆ ఒక్కటీ వదిలేశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో ఫేర్ చేసి, కింద 'తాగవచ్చు' అని కూడా రాశాను.

ఆమె కోదాడ మా ఇంటికొచ్చి, నా ఉప్మా తింటూనే రఫ్ పుస్తకం తిరగేసింది.

"మూడోది ఏమాయె వదినా?"

"అది లెక్కలోకి రాదులే."

"ఎవరు చెప్పిన్రు?"

"నేనే."

"గా నీళ్లు తాగే పిల్లలనడిగినవా?"

ఉప్మా సగం వదిలేసి వెళ్లింది. మర్నాడే మా గుంపులోని హాలియా లెక్చరర్ నా రఫ్ పేజీ జిరాక్స్ పట్టుకుని మళ్లీ పరీక్ష చేశాడు. ఎక్కువే వచ్చింది. నా రెండు మంచి ఫలితాలూ వానలు పడి ఫ్లోరైడ్ పలచబడ్డాక పట్టిన నీళ్లవి. ఆ వారంలోనే తాగొద్దని గుర్తుగా బోరింగుకు ఎర్ర రంగు పూశారు.

తర్వాతి ఆదివారం కూడిక మిర్యాలగూడలో. మోకాలు నొప్పని కబురంపాను. ఆమె బస్సెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నొప్పి మోకాలికా, మొహానికా? లే, పోదాం."

అందరి ముందూ నిలబడి చెప్పాను, ఏది వదిలేశానో, ఎందుకో. ఎవరూ నవ్వలేదు. ఆమె మాత్రం, "మా వదిన ఫేర్‌ల దాసింది గని రఫ్‌ల చెరపలే. గందుకే దొరికింది," అంది. నా ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో అంతకంటే పెద్ద మెప్పు నాకు దక్కలేదు. ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు.

ఆమె పదో రోజు కర్మ అయ్యాక ఆ బడికి వెళ్లాను. వెలిసిపోయిన బోరింగుకు అక్కడి టీచరమ్మ కొంగు దోపుకుని మళ్లీ ఎర్ర రంగు వేస్తోంది. చుట్టూ చేరిన పిల్లలు వంగి వంగి చూస్తూ వేలు పెట్టి చూపిస్తున్నారు, "టీచర్, గీడ పడలే. గిటు కూడ పడలే."

టీచరమ్మ విసుక్కోకుండా, వాళ్లు చూపించిన చోటల్లా కుంచె తిప్పుతోంది.