మూడో గడిలో వెలుగు

ముప్పై రెండేళ్ళు గొలుసు పట్టి భూములు కొలిచిన సర్వేయరును నేను. కొలతకు అందనిదేదీ నా పుస్తకంలోకి ఎక్కలేదు. దయ్యాలకు అందులో చోటు లేదు. ఇదీ నమ్మి రాస్తున్నది కాదు, చూసి రాస్తున్నది.

మార్కాపురంలో మా ఇంటి దగ్గర, బడిపిల్లల రాతిపలకలు చేసిన పాత షెడ్డును ఈమధ్య ప్రదర్శనశాలగా మార్చారు. ముందుగోడ నిండా దీపాలు అమర్చి, ఎదుట నేలమీద ఐదు గళ్ళు గీశారు. గడిలో మనిషి ఉంటే గోడమీద వెలుగుబొమ్మ లేస్తుంది. మనం చెయ్యెత్తితే అదీ ఎత్తుతుంది. సాయంత్రమైతే జనం అక్కడే.

పక్కనే, ఆ షెడ్డులో పనిచేసినవారి పేర్లతో ఒక శిలాఫలకం. అందులో మా అక్క రమణమ్మ పేరు లేదు. పంతొమ్మిదేళ్ళు ఆ రాతిదుమ్ములో కూర్చుని, చివరికి ఊపిరాడకే పోయిన మనిషి! అర్జీ పెడితే నిర్వాహకులు ఆధారం లేదన్నారు. అక్క పక్కనే పనిచేసి, ఇప్పుడు అక్కడే కావలి ఉంటున్న కాశమ్మ సాక్ష్యం చెబితే నోటిమాట చెల్లదన్నారు. కూలిమనిషికి కాగితం ఎవరిచ్చారు గనుక?

ఆ గొడవమీదే ఒక సాయంత్రం కాశమ్మ దగ్గర కూర్చున్నాను. అప్పుడే చినుకులు పడి జనం వెళ్ళిపోయారు. ఆరూ నలభైకి గోడ వెలిగింది. మూడో గడికి ఎదురుగా బొమ్మ. గడిలో ఎవరూ లేరు. తడినేలమీద అడుగు జాడైనా లేదు.

బొమ్మ కూర్చుని ఉంది. దేన్నో కుడిచెవి దగ్గరకు ఎత్తి, ఎడమచేతి వేలిముడితో మూడుసార్లు కొట్టి, విని, పక్కన పెట్టింది. పగులున్న పలకను మోతనుబట్టి ఏరే పని అది. అందరూ కుడిచేత్తో రెండుసార్లు కొట్టేవారు.

"అన్నా, ఎడంచెయ్యి! మూడు దెబ్బలు! మనక్క కాదూ? సచ్చిపోయినా పని ఇడిసిపెట్టలేదు సూడు!"

"ఉండు కాశమ్మా, లెక్కపెట్టనీ."

"ఏంది నీ లెక్క! ముందు పలకరించు!"

నేను పలకరించలేదు. పదకొండు పలకలు లెక్కపెట్టాను. గోడ ఆరిపోయింది.

గడి చుట్టూ తిరిగి చూశాను. కుక్క లేదు, పురుగు లేదు, ఎగిరే గుడ్డపీలిక లేదు. వేళ, గడి, వ్యవధి నా పుస్తకంలో రాసి కాశమ్మ వేలిముద్ర వేయించాను. యంత్రం చెడిందని మర్నాడే ఫిర్యాదు ఇచ్చాను.

వారానికి సంతకంతో, ముద్రతో జవాబు వచ్చింది: "పరీక్షించాము. లోపమేమీ లేదు. గడిలో మనిషి ఉంటే తప్ప బొమ్మ రాదు."

ఆ సాయంత్రం జరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎన్నిసార్లు తిరగేసినా ఆ పేజీలో కారణం అన్న గడి ఖాళీగానే ఉంది.

కానీ వాళ్ళ ఉత్తరాన్నే జతచేసి రెండో అర్జీ పెట్టాను. అందులో ఉన్నది ఒక్క వాక్యం: "యంత్రంలో లోపముందని ఒప్పుకోండి, లేదా ఆ గడిలో ఉన్న మనిషి పేరు చెక్కించండి."

జవాబు రాలేదు. వచ్చేదాకా రోజూ సాయంత్రం నా కుర్చీ మూడో గడి ఎదుటే.