తాళం తప్పిందెవరు?

మా పాత కార్లో టేపు రికార్డరు పెట్టించింది నాయన కోసమే. ఆయన మా ఊరి చెక్కభజన గురువు. గొంతు ఆపరేషన్ తర్వాత పాట పోయి గుసగుస మాత్రం మిగిలింది. అంతకు ముందేడు ఓ బంధువు ఆయన భజనను క్యాసెట్‌లో పట్టి ఉంచాడు. అది వేసుకుని చిత్తూరు నుంచి తిరుపతి ఆస్పత్రికి చెకప్ కోసం బయలుదేరాం. పాటతోపాటు టక్, టక్ అని ఒకటే చప్పుడు, చెక్కల దరువుకు అడ్డంగా.

నాయన ముఖం నల్లబడింది. "తాళం తప్పినానప్పా," అన్నాడు.

"నువ్వు కాదు నాయనా, కారు! ఏ క్యాసెట్ ఏసినా ఇంతే!" అంటే వినడే. ధనుర్మాసానికి భజన నేర్పమని ఊరి కుర్రాళ్లు వస్తే, "తాళం తప్పినోడు నేర్పేదేంది?" అని పంపేశాడు. పక్కింటి టేపులో వేసి చూద్దామంటే, "నా తప్పు ఊరంతా వినాల్నా?" అని క్యాసెట్ జేబులో దాచుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కారు చేసిన పాపానికి మనిషి కుమిలిపోవడమేమిటి!

తిరుపతిలో మొదటి మెకానిక్‌తో "పాటలో తాళం తప్పుతాండాది" అన్నాను. మహానుభావుడు 'తాళం' ఒక్కటే విన్నాడు. స్టార్టింగ్ తాళం మొత్తం ఊడబెరికి కొత్తది బిగించాడు! రెండోవాడు డైనమో అన్నాడు.

"ఇంజన్ ఆపినా వస్తాండాదప్పా, డైనమో ఎట్లవుతాది?" అని నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"నీకు తెలీదన్నా," అని దానికి చప్పుడు మింగే కండెన్సర్ ఒకటి తగిలించాడు. చప్పుడు చెక్కుచెదరలేదు.

మూడోసారి మా ఆవిడ కూడా వచ్చింది. ఈ మూడోవాడూ కార్లో దూరుతూనే చెప్పులు విప్పి, స్టీరింగ్ పక్కనున్న వెంకటేశ్వరస్వామి పటానికి దణ్ణం పెట్టి, "డైనమోనే" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఏదో సినిమా పాట పెట్టి చూపిస్తుంటే వెనక సీట్లోంచి మా ఆవిడ అంది:

"ఏమయ్యా, సామి లైటు వెలిగినప్పుడల్లా టక్కంటాండాది, సూడు!"

చూశాను. పటం చుట్టూ మినుకుమినుకుమనే చిన్న బల్బులు. నాయన ఆపరేషన్ బాగా జరగాలని మొక్కుకుని ఆమే పెట్టించింది. వెలిగితే టక్కు, ఆరితే టక్కు. ముగ్గురు మెకానిక్కులూ దానికి దణ్ణం పెట్టినవాళ్లే, ఒక్కడూ వేలు పెట్టి చూడలేదు. వాళ్లనేం అనను, రోజూ దణ్ణం పెట్టుకునే నేనూ చూడలేదు. వైరు తియ్యమంటే మూడోవాడు వెనక్కి జరిగాడు.

"సామి లైటు నేను పీకనన్నా!"

"మొక్కింది నేను కదా, నేనే చెప్పుకుంటాలే," అని మా ఆవిడ చెంపలేసుకుని వైరు లాగేసింది. పాట కడిగినట్టు వచ్చింది.

మరుసటి వారం ఆస్పత్రికి పోతూ, బతిమాలి నాయన జేబులోంచి క్యాసెట్ తీసుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని మోకాలి మీద వేళ్లతో దరువేస్తూ విన్నాడు. ముఖం తేటపడింది. హమ్మయ్య అనుకున్నానో లేదో, చెయ్యెత్తాడు.

"ఆపు. ఎనక్కి తిప్పు."

తిప్పాను.

"ఈడ. ఈడ తాళం తప్పింది."

"అయ్యో నాయనా! వైరు పీకేసినాం కదా, ఇంకా యాడ టక్కు?"

"కారు కాదురా, నేనే. ఒక్క దరువు."

అద్దంలో చూస్తే శబ్దం లేకుండా నవ్వుతున్నాడు.

"ఈ తావున అందురూ తప్పుతారు. కుర్రోళ్లకు ముందే చెప్పాల. రేపట్నుంచి రమ్మను."