ఎవరి గడ్డం వారికి తెలియదు

మా వీధి కుర్రాళ్ళు ఆరుగురు సరిహద్దులో ఉన్న రోజుల్లో, వాళ్ళకి పంపే పార్శిళ్ళన్నీ మా కిరాణా కొట్టు వెనక గదిలోనే కట్టేవాళ్ళం. నా మంచితనం చూసి కాదు, నా దగ్గర కాటా ఉందని. ఒక్కో పార్శిలు ఎంత బరువుండాలో సైన్యం వాళ్ళు ముందే చెప్పారు. మించితే వెనక్కి పంపేస్తారు. ఆ మాట నెలనెలా చిలక్కి చెప్పినట్టు చెప్పేదాన్ని. అయినా ఒక మహాతల్లి తలగడ మోసుకొచ్చింది. టైలరుగారి అత్తగారైతే మనవడికి గొడుగు పంపాలని పట్టుబట్టింది.

"ఓ చేత్తో తుపాకీ, ఓ చేత్తో గొడుగూ పట్టుకుంటాడా మామ్మగారూ?" అన్నాను.

"వానొస్తే తుపాకీ మాత్రం తడవదూ?" అని ఆవిడ నా నోరు మూయించింది.

మా పక్క కొట్టు మౌనం బాబాయిది. సెలూను. ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఇరవై ఏళ్ళుగా ఒకే గోడకి అటు ఆయన, ఇటు నేను బతుకుతున్నాం కాబట్టి వరస కలిసింది. క్షవరం చేసేవాళ్ళ దగ్గర ఊరి కబుర్లన్నీ దొరుకుతాయంటారు. ఈయన దగ్గర కత్తెర చప్పుడు తప్ప ఇంకేమీ దొరకదు. అందుకే ఆ పేరు వచ్చింది. "నోట్లో నాలుక లేని మనిషితో కాపురం చేశానే అమ్మాయ్" అని పిన్ని, అంటే ఆయన భార్య, నా దగ్గర విసుక్కునేది. ఇద్దరి మాటలూ కలిపి ఆవిడే మాట్లాడేది.

పార్శిళ్ళ రోజున అందరూ సంచులు విప్పి, దెబ్బలాడుకుని, సర్దుకున్నాక బాబాయి నెమ్మదిగా వచ్చేవాడు. గడ్డం గీసుకునే సామాను మీద మాత్రం ఆయనదే పెత్తనం. టైలరు కొడుకు పెట్టెలో పటిక ముక్క వేసి, "వాడికి దవడ కింద పుట్టుమచ్చ ఉంది, తెగితే రక్తం ఓ పట్టాన ఆగదు" అనేవాడు. పాలాయన కొడుక్కి సబ్బు తీసేసి క్రీము పెట్టేవాడు. చలికి వాడి బుగ్గలు పగులుతాయట. ఆ కుర్రాళ్ళలో ఐదుగురికి మొదటిసారి గడ్డం గీసింది ఆయనే మరి. కన్నతల్లులు కూడా నోరెత్తకుండా పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఆరోవాడు ఆయన కొడుకే. వాడి పెట్టె దగ్గరికొచ్చేసరికి ఆ మనిషి చెయ్యి ఆగిపోయేది.

వాడు నూనూగు మీసాలప్పుడే సైన్యంలో చేరాడు. బయలుదేరే ముందు రోజు బాబాయి కుర్చీ దులిపి, మెడలో వేసే గుడ్డ ఉతికింది తీసి, "రారా" అన్నాడు. వాడు అద్దంలో గడ్డం అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఏముంది నాన్నా గీయడానికి? సెలవుకి వస్తాగా, అప్పటికి పెరుగుతుంది" అని నవ్వేసి వెళ్ళిపోయాడు. శిక్షణ అవగానే సరిహద్దుకి వేశారు. సెలవు ఒకసారి రద్దయింది, మళ్ళీ ఇంకోసారి రద్దయింది. ఏడాదిన్నర గడిచిపోయింది. వీధిలో ప్రతి మొహమూ తెలిసిన బాబాయికి, సొంత కొడుకు మొహం మీద ఏం మొలిచిందో తెలియదు.

పదునైన వస్తువులు పార్శిలుకి ఒక్క ప్యాకెట్టే వేయనిస్తారు. బాబాయి బ్లేడ్లవి రెండు ప్యాకెట్లు తెచ్చేవాడు. ఒకటి మెత్తటి గడ్డానికి, ఒకటి గట్టి గడ్డానికి. రెండూ చేతిలో పెట్టుకుని కాటా ముందు అలా నిలబడిపోయేవాడు. నాకసలే ఓపిక తక్కువ.

"ఫోనులో వాడినే అడగొచ్చు కదా బాబాయ్?"

"ఎవరి గడ్డం వాళ్ళకి తెలీదమ్మా. ఎవణ్ణడిగినా నాది మామూలుగానే ఉంటుందంటాడు. చెయ్యి పెట్టి చూడాలి."

అయినా ఒకసారి అడిగాడు. వాడు లైన్లో ఉన్న కాసేపూ పిన్నే మాట్లాడుతుంటే, ఆఖర్న ఫోను లాక్కుని, "బ్లేడు బాగుందా?" అన్నాడు. బాగుంది నాన్నా అన్నాడు వాడు. ఫొటో పంపమంటే పంపాడు. తీరా చూస్తే ఇనప టోపీ పట్టీ గడ్డానికి అడ్డంగా ఉంది. బాబాయి ఆ ఫొటోని వెలుతురులోకి తీసుకెళ్ళి, కళ్ళజోడు ఎత్తి, దించి చూసి, జేబులో పెట్టుకున్నాడు.

చివరికి ప్రతి నెలా మెత్తటి బ్లేడ్లే వేసేవాడు. "పద్దెనిమిదేళ్ళ బుగ్గ. చురుకైనది పెడితే తెగుతుంది" అనేవాడు. వాడికి పద్దెనిమిది దాటి అప్పటికే ఏడాదిన్నర అయింది. నేను ఆ ప్యాకెట్టే తూచి పెట్టె కట్టేసేదాన్ని.

ఒకనాటి మధ్యాహ్నం పిన్ని కాటా మీద బిస్కెట్లు ఎక్కువేసి నాతో బేరాలాడుతోంది. ఒక ప్యాకెట్టు తియ్యమని నేను, మేజోళ్ళు తీస్తాను గానీ బిస్కెట్లు తియ్యనని ఆవిడ. కొట్టు ముందు జీపు ఆగింది. యూనిఫారంలో ఇద్దరు దిగి, పక్క సెలూను మూసి ఉందే, ఆయన ఎక్కడుంటారని నన్నడిగారు. నోరు గలదాన్నని వీధంతా నన్ను ఆడిపోసుకుంటారు. ఆ పూట వెనక గదివైపు వేలు మాత్రం చూపించాను. బాబాయి రెండు ప్యాకెట్లూ చేతిలో పట్టుకునే వెనక గదిలోంచి బయటికొచ్చాడు. వాళ్ళు టోపీలు తీశారు. నా వెనక పిన్ని, "ఎవరే అమ్మాయ్, ఎవరొచ్చారే?" అంటూనే ఉంది.

రెండు రోజులకి వాణ్ణి తీసుకొచ్చారు. బాబాయి ఇంటి ముందుగదిలో బల్లమీద పెట్టె ఉంచి, మొహం వరకు మూత తెరిచారు. పెట్టె వెంట వాడి స్నేహితుడే వచ్చాడు. వాడి వయసువాడే, సైనికుడు. గోడవారగా బిగుసుకుపోయి నిలబడ్డాడు. పిన్ని ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లితే, పక్కగదిలో పడుకోబెట్టి నేనిటు వచ్చాను.

బాబాయి వేడినీళ్ళు అడిగాడు. మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు. సెలూన్లోంచి తన పెట్టె తెప్పించుకుని, బ్రష్షూ గిన్నే కత్తీ వరసగా పేర్చుకున్నాడు. ఏం చేయబోతున్నాడో అందరికీ అర్థమైంది. ఎవరూ ఆపలేదు. ఎవరికి మాత్రం ఆ గుండె ఉంది?

కొడుకు బుగ్గ మీద చెయ్యి పెట్టాడు. బుగ్గ నున్నగా ఉంది. అప్పటికే ఎవరో గీసేశారు.

"ఎవరు చేశారు?" అన్నాడు.

గోడవారనున్న కుర్రాడు భయంగా ముందుకొచ్చాడు. "నేనేనండీ. అలా తీసుకురావడం బాగుండదని... తప్పయిందాండీ?"

"తప్పు కాదు నాయనా. బాగా చేశావు." బాబాయి అతని దగ్గరికి జరిగాడు. "గడ్డం ఎలా ఉంది?"

కుర్రాడు అర్థం కాక నావంక చూశాడు. బాబాయే ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని తన బుగ్గ మీద పెట్టుకున్నాడు. కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన గడ్డం గీసుకోలేదు.

"ఇలా ఉందా?"

ఆ కుర్రాడు ముసలి బుగ్గమీద వేళ్ళు మెల్లగా కదిపాడు. "దీనికంటే గట్టిదండీ. చాలా గట్టిది. మెడ దగ్గర ఎడమవైపు సుడి ఉంది. అక్కడ కాస్త కష్టమైంది."

బాబాయి తల ఊపాడు. తర్వాత ఇంకా నెమ్మదిగా, "మెత్తటి బ్లేడ్లు పంపాను బాబూ. ఇన్నాళ్ళూ అవే పంపాను. అంత గట్టి గడ్డాన్ని అవి కొయ్యవు, పీకుతాయి" అన్నాడు.

"పీకేవండీ. పొద్దున్నే మొహమంతా ఎర్రగా కందిపోయేది. మా దగ్గర వేరేవి ఉన్నాయి, తీసుకోరా అంటే తీసుకునేవాడు కాదు. 'మా నాన్న ఎంచి పంపుతాడురా, నా మొహం ఆయనకి తెలుసు' అనేవాడండీ."

బాబాయి కుర్రాడి చెయ్యి వదిలి కొడుకు మొహం మీదికి వంగాడు.

"తెలీదురా," అన్నాడు. "నాకు తెలీదురా నాన్నా."